మైదానపు అంచున నిలిచిన ఉపాధ్యాయుడు

సయ్యద్ అబ్దుల్ రహీంగారి జీవితము (1909–1963)

చదివి ధ్యానింపవలసిన భాగములు: మత్తయి 8:5–13, 1 కొరింథీ 9:24–27, 1 కొరింథీ 12:14–26, 2 తిమోతి 2:2–6



వానలు తగ్గుముఖము పట్టినవి. విశాఖపట్టణములోను, చుట్టుపట్ల గ్రామములలోను ఆటల కాలము రానున్నది. కళాశాలల మైదానములలో గడ్డి కోసి సున్నపు గీతలు వేయు దినములివి. యౌవనస్థులు నలుగురు కూడుకొనిన చోట ఒకటే ప్రశ్న వినబడును: ఈ యేడు కప్పు ఎవరిది? ఏ జట్టులోనికి ఎవరు క్రొత్తగా వచ్చిరి, ఎవరు చదువు ముగించి వెళ్లిపోయిరి, ఎవరి కాలు ఇంకను నొప్పిగా నున్నది అని లెక్కలు వేసికొందురు. ఇది మన యొద్ద మాత్రమే కాదు. అమెరికా దేశములో సంఘములు స్థాపించిన చిన్న చిన్న కళాశాలలు కూడ ప్రతి సంవత్సరము ఆకులు రాలు కాలమునకు ముందు తమ దేశపు ఫుట్‌బాల్ ఆటను గూర్చి ఇట్లే ముందుగా లెక్కలు వేసికొనును.

ఇందులో తప్పు లేదు. అపొస్తలుడైన పౌలు ఆటలను తృణీకరించిన వాడు కాడు. కొరింథు పట్టణమునకు సమీపమున రెండు సంవత్సరముల కొకసారి గొప్ప ఆటల పండుగ జరుగుచుండెను. అందులో గెలిచినవానికి దొరకునది ఆకులతో అల్లిన కిరీటము. కొన్ని దినములలో అది వాడిపోవును. పౌలు ఆ సంఘమునకు వ్రాయునప్పుడు పరుగెత్తువాని పోలికను తీసికొని, గెలిచిన వాని కిరీటముకంటె వాని మితానుభవమును, శిక్షణను ఎక్కువగా చూపించెను. కప్పు ఎవరిదని మనము అడుగుదుము. సిద్ధపడినవాడెవడని వాక్యము అడుగుచున్నది.

కావున ఈ మాసమున ఒక శిక్షకుని జీవితమును మీ యెదుట ఉంచుచున్నాను. ఆయన హైదరాబాదువాడు, బడిపంతులు, మన భారతదేశపు ఫుట్‌బాల్ జట్టును ఆసియాలో అందరికంటె ముందు నిలిపినవాడు. ఆయన మన సంఘమువాడు కాడు. ముస్లిము కుటుంబములో పుట్టి ఆ మతమందే జీవించినవాడు. సంఘ పత్రికలో ఆయన జీవితమెందుకని కొందరు అడుగవచ్చును. కపెర్నహూములో శతాధిపతి యూదుడు కాడు. అయినను అధికారమనగా నేమో, విధేయత యనగా నేమో అతడు ఎరిగినంతగా ఇశ్రాయేలులో ఎరిగినవారు లేరని ప్రభువు ఆశ్చర్యపడెను. వెలుపటివాని యందున్న మంచిని చూచి సంతోషించుట ప్రభువే మనకు నేర్పిన మర్యాద. ఆ మంచి మనలో లేనియెడల సిగ్గుపడుటయు మనకు మేలే.

బడిలో మొదలైన పని

సయ్యద్ అబ్దుల్ రహీంగారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. అది నైజాము పరిపాలన కాలము. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదివి పట్టభద్రుడాయెను; ఆ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టులోను ఆడెను. చదువైన పిమ్మట ఉపాధ్యాయ వృత్తిని చేపట్టెను. కాచిగూడ, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ పాఠశాలలలో పిల్లలకు పాఠములు చెప్పెను. తరువాత వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, బడిపిల్లల ఆటలను చూచు బాధ్యతను వహించెను. 1940వ దశకములో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి యాయెను.

ఈ క్రమమును గమనించుడి. ఆయన మొదట ఉపాధ్యాయుడు, తరువాతనే శిక్షకుడు. పలకపై అక్షరము దిద్దించుట ఎట్లో ఆయనకు తెలియును. ఒక దినమున ఒక అక్షరము, మరునాడు మరియొకటి. తప్పు వ్రాసిన పిల్లవానిని తరిమివేయక మరల దిద్దించుట. ఆయన మైదానములో చేసినదియు ఇదే. వేడుక చూచువారికి ఆట ఒక గంటన్నర పని. ఆయనకు మాత్రము అది ఏండ్ల తరబడి జరుగు పాఠము.

బలములేని కాలు

1950వ సంవత్సరమునుండి రహీంగారు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడుగా నుండిరి. ఆ కాలమున మన దేశములో ఫుట్‌బాల్ అనగా కలకత్తాయే. పెద్ద జట్టులు అక్కడివి, పేరుగల ఆటగాండ్రు అక్కడివారు, వేలకొలది జనము వచ్చునది అక్కడికే. హైదరాబాదు 1948వ సంవత్సరమున భారతదేశములో కలిసిన రాజ్యము. దాని జట్టును ఎవరును పెద్దగా లెక్కింపలేదు. అట్టి జట్టు 1950లో డ్యూరండు కప్పు అంతిమ పోటీలో కలకత్తా మోహన్ బగాన్ జట్టును ఓడించెను. బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును 1950 మొదలుకొని 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరములు గెలిచెను. 1956లోను 1957లోను రాష్ట్రముల మధ్య జరుగు సంతోష్ ట్రోఫీ హైదరాబాదుదే ఆయెను.

ఇది ఎట్లు కలిగెను? ఆయన పద్ధతులలో రెండు చెప్పెదను. కుర్రవాండ్ర కొరకు ఆయన వింతైన పోటీలు ఏర్పాటు చేయుచుండెను. ఒక పోటీలో బంతిని ఒంటరిగా తీసికొనిపోయి ఎదుటివారిని తప్పించుకొని చూపించుట నిషిద్ధము. బంతి అందిన వెంటనే తోటివానికి అందింపవలెను. మరియొక పోటీలో ప్రతివాడును తన బలములేని కాలితోనే బంతిని తన్నవలెను. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో ఆడవలెను.

మొదటి పద్ధతి గర్వమును తీసివేయునది. చప్పట్లు కోరు ఆటగాడు బంతిని విడువడు. పది మంది ఖాళీగా నిలిచి చూచుచుండగా తానొక్కడే పరుగెత్తును. మన సంఘములలోను ఇట్టివారు లేకపోలేదు. పాట నాదే, ప్రార్థన నాదే, పండుగనాటి ప్రసంగము నాదే యనువారు ఉన్నచోట తక్కినవారి చేతులు కాళ్లు పనిలేక బిగుసుకొని పోవును.

రెండవ పద్ధతి మరింత లోతైనది. సాధారణముగా మనము ఏది చేయగలమో దానినే మరల మరల చేయుదుము. బలమైన కాలు మరింత బలపడును. బలములేనిది అట్లే యుండిపోవును. పోటీలో ఎదుటివాడు ఈ సంగతి కనిపెట్టి బలములేని ప్రక్కకే మనలను త్రోయును. శోధకుడును అట్లే చేయును. పౌలు కొరింథీయులకు సంఘమును శరీరముతో పోల్చి వ్రాసినప్పుడు, బలహీనముగా కనబడు అవయవములే మరి అవశ్యమైనవని బోధించెను. మన సంఘమునకు బలములేని కాలు ఏది? చదువురాని తల్లులు బైబిలు చదువుకొనునట్లు నేర్పుటయా? చేపలవేటకు వెళ్లి ఆదివారము తీరమున లేని కుటుంబములను పరామర్శించుటయా? కర్మాగారములో రాత్రి షిఫ్టు చేసి ఉదయము నిద్రించు యౌవనస్థునికి ఒక వేరు కూటము పెట్టుటయా? మనకు బాగుగా వచ్చిన క్రిస్మసు కార్యక్రమమును మరింత బాగుగా చేయుట సులభము. బలములేని కాలితో ఆడ నేర్చుకొనుట కష్టము. అయితే సంఘము నిలుచునది అక్కడనే.

ఒకటికి పది

1951వ సంవత్సరము మార్చి మాసమున ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగెను. రహీంగారు భారత జట్టుకు శిక్షకుడు, శైలేన్ మన్నా నాయకుడు. అంతిమ పోటీలో ఇరాను జట్టును 1–0తో గెలిచిరి. మేవాలాల్ ఆ గోలు చేసెను. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి నాలుగేండ్లు నిండక మునుపే బంగారు పతకము. ప్రధానమంత్రి నెహ్రూగారు చూచుచుండగా కలిగిన జయము. పొగడ్తకు కొదువ లేకపోయెను.

మరుసటి సంవత్సరమే ఫిన్లాండు దేశపు హెల్సింకిలో ఒలింపిక్ క్రీడలు వచ్చినవి. యుగోస్లావియా జట్టు మన జట్టును 10–1తో ఓడించెను. మనవారిలో అనేకులు బూట్లు లేక ఉత్తకాళ్లతో ఆడిరి. మన ఎండనేలమీద అది చెల్లినది. ఆ దేశములో, బూట్లు తొడిగిన ఆటగాండ్ర యెదుట చెల్లలేదు.

ఏడాదిన్నర లోపల బంగారమునుండి అవమానమునకు దిగవలసి వచ్చెను. ఇట్టి సమయమున మనుష్యునికి రెండు త్రోవలు కలవు. చలిని, ప్రయాణపు బడలికను, న్యాయనిర్ణేతను నిందించుట ఒకటి. ఓటమియొద్ద పాఠము చెప్పించుకొనుట రెండవది. ఆ ఓటమి తరువాత మన దేశములో బూట్లు తొడిగి ఆడవలెనను నియమము వచ్చెను. రహీంగారు ఆ క్రీడలలో స్వర్ణము గెలిచిన హంగేరీ జట్టు ఆటపోకడను తన జట్టునకు తెచ్చిరి. అందరికంటె ముందు నిలుచు నడిమి ఆటగానిని కొంచెము వెనుకకు దింపి, ఎదుటివారి కాపలాదారుడు ఎవరిని కాయవలెనో తెలియక తికమక పడునట్లు చేయుట ఆ పోకడ. 1958లో బ్రెజిలు జట్టు ప్రపంచకప్పు గెలిచి ప్రసిద్ధి చేసిన అమరికను, అనగా వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలుచుటను ఆయన అంతకు ముందే ఆలోచించెనని ఆయన శిష్యులు చెప్పుచుండిరి.

మన ఉక్కు కర్మాగారములో పనిచేయు సహోదరులకు ఈ మాట బాగుగా అర్థమగును. బ్లాస్టు ఫర్నేసునుండి కరిగి వచ్చు ఇనుము చూచుటకు గట్టిదే. కాని దానిలో కార్బను ఎక్కువగా నుండుటచేత సమ్మెటదెబ్బకు పగులును. ఆ కరిగిన ఇనుములోనికి ఆమ్లజనిని బలముగా ఊది, అదనపు కార్బనును కాల్చివేసిన తరువాతనే అది వంగి నిలుచు ఉక్కగును. తీసివేయవలసినది తీసివేయబడక బలము రాదు. దేవుడు తాను ప్రేమించువారిని శిక్షించుననియు, ఆ శిక్ష అప్పటికి దుఃఖకరముగా నున్నను తరువాత నీతి ఫలమిచ్చుననియు హెబ్రీ పత్రిక 12వ అధ్యాయము బోధించుచున్నది. ఓటమి తనంతట తాను ఎవనిని మంచివానిగా చేయదు. దానికి లోబడి నేర్చుకొనువానినే అది మంచివానిగా చేయును.

నాలుగేండ్ల తరువాత, 1956లో, ఆస్ట్రేలియా దేశపు మెల్బోర్నులో ఒలింపిక్ క్రీడలు జరిగెను. హంగేరీ జట్టు పోటీకి రాకపోవుటచేత మనవారు ముందుకు సాగిరి. డిసెంబరు 1వ తేదీన ఆస్ట్రేలియా జట్టును వారి స్వంత నేలమీదనే 4–2తో గెలిచిరి; బొంబాయికి చెందిన నెవిల్ డిసూజా అందులో మూడు గోలులు చేసెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశము మనదే. అక్కడ మరల యుగోస్లావియాయే ఎదురాయెను. ఈసారి మొదటి గోలు చేసినది మన జట్టు. చివరకు 4–1తో ఓడిరి; తరువాత బల్గేరియాచేతను 3–0తో ఓడి నాలుగవ స్థానమున నిలిచిరి. పతకము రాలేదు. కాని 10–1కిని 4–1కిని నడుమ నాలుగేండ్ల కష్టము కలదు. దానిని ఏ పతకపు పట్టికయు చూపింపదు.

స్వంత కుమారుడు, పరుల కుమారుడు

సికిందరాబాదు ప్రక్క అమ్ముగూడలో బీదకుటుంబములో పుట్టిన తులసీదాస్ బలరాం అను కుర్రవాని ఆటను రహీంగారు గుర్తించిరి. హైదరాబాదుకు వచ్చి అభ్యాసము చేయుటకు ఆ కుర్రవానియొద్ద ప్రయాణపు ఖర్చు లేదు. అతడు సైకిలుమీద వచ్చునట్లు రహీంగారు సాయము చేసిరని చెప్పుదురు. ఆ బలరామే 1956లోను 1960లోను ఒలింపిక్ క్రీడలలో ఆడెను. 1960లో రోమునగరమున హంగేరీమీదను పెరూమీదను గోలులు చేసెను.

ఆ రోము క్రీడలలో మన జట్టు హంగేరీతో 2–1గా ఓడి, ఫ్రాన్సుతో 1–1గా సమముగా ముగించి, పెరూతో 3–1గా ఓడెను. ఆ జట్టువారిలో రహీంగారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడ ఉండెను. అతడు మంచి ఆటగాడే. తరువాత వాయుసేనలో అధికారియై, అంతర్జాతీయ పోటీలకు న్యాయనిర్ణేతయై పేరు పొంది 2021లో మరణించెను. రోములో జరిగిన మూడు పోటీలలో ఒకదానిలోనైనను అతడు మైదానములోనికి దిగలేదు. జట్టును నడిపించువాడు తండ్రి. వెలుపల కూర్చున్నవాడు కుమారుడు. ఆడినవాడు అమ్ముగూడ బీదవాని కుమారుడు.

ప్రియులారా, ఇక్కడ మనము కొంచెము ఆగవలెను. ఏలీ యాజకుడు భక్తిహీనుడు కాడు. బాలుడైన సమూయేలును చక్కగా పెంచినవాడే. అయినను తన కుమారుల విషయములో అతడు చూచియు చూడనట్లుండెను. వారి పాపమును గద్దించెను గాని వారిని ఆ పనినుండి తొలగింపలేదు (1 సమూయేలు 2, 3 అధ్యాయములు). దానివలన అతని యిల్లు మాత్రమే కాదు, షిలోహులోని ఆరాధనయే పాడైపోయెను. మన కమిటీలలో, పాఠశాలలలో, వసతిగృహములలో ఒక స్థానము ఖాళీ యైనప్పుడు మొదట ఎవని పేరు మన నోట వచ్చును? యోగ్యుడైన బీదవాని పేరా, బావమరిది పేరా? పరలోకరాజ్యమును గూర్చి ఎంత చక్కగా ప్రసంగించినను, ఈ ఒక్క సంగతిలో సంఘస్థులు మనలను చూచి తమ తీర్పు చేసికొందురు. యౌవనస్థులు నోరు విప్పరు గాని మరచిపోరు. సంఘమును విడిచిపోయినవారిలో కొందరు సిద్ధాంతమువలన కాదు, ఇట్టి పక్షపాతమువలన నొచ్చుకొని పోయినవారు.

జకార్తా

1962వ సంవత్సరము ఆగస్టు, సెప్టెంబరు మాసములలో ఇండోనేషియా రాజధానియైన జకార్తాలో నాలుగవ ఆసియా క్రీడలు జరిగెను. రహీంగారికి అప్పటికి ఏబదిమూడేండ్లు. ఊపిరితిత్తుల కాన్సరు ఆయన దేహములో పనిచేయుచుండెను. ఆయన ఇంటియొద్ద ఉండవలసినవాడు, మైదానపు అంచున నిలిచెను.

మొదటి పోటీలోనే దక్షిణ కొరియా మనవారిని 2–0తో ఓడించెను. తరువాత థాయిలాండును 4–1తో, జపానును 2–0తో గెలిచిరి. థాయిలాండుతో జరిగిన ఆటలో మన వెనుకవరుస స్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడెను. గాయపడిన తలతో అతడు వెనుక నిలిచి ఎత్తు బంతులను ఎదుర్కొనుట కష్టము. ఏ శిక్షకుడైనను అతనిని విశ్రాంతికి పంపును. రహీంగారు అతనిని ముందువరుసకు మార్చిరి. వెనుక గోడవలె నిలిచినవాడు ఇప్పుడు గోలు చేయువాడాయెను! సెమీఫైనలులో దక్షిణ వియత్నామును 3–2తో గెలిచినప్పుడు అతడును ఒక గోలు చేసెను.

గాయపడిన పనివానికి మరియొక పని దొరకవచ్చునని గ్రహించుట నాయకునికి గొప్ప వివేకము. మార్కు పంఫూలియలో పనిని విడిచి వెనుకకు పోయెను. పౌలు అతనిని మరల వెంటబెట్టుకొని పోనొల్లలేదు; బర్నబా అతనిని విడువలేదు (అపొ. కార్యములు 15:37–39). సంవత్సరములు గడచిన పిమ్మట చెరసాలలోనుండి వ్రాయుచు, మార్కు తన పరిచర్యకు ప్రయోజనకరుడని పౌలే ఒప్పుకొనెను (2 తిమోతి 4:11). మన సంఘములలో ఒకసారి పడినవారిని, నొచ్చుకొని వెనుక బల్లపై కూర్చున్నవారిని వేరొక స్థలమున నిలిపి చూచితిమా?

సెప్టెంబరు 4వ తేదీన అంతిమ పోటీ. ఎదుట మరల దక్షిణ కొరియాయే. మైదానమున లక్షమంది దాక జనము, అందరును మనకు విరోధముగా కేకలు వేయువారే. ఇశ్రాయేలు, తైవాను దేశములను ఆ క్రీడలకు రానియ్యనందుకు భారతదేశపు క్రీడాధికారి జి. డి. సోంధీగారు అభ్యంతరము చెప్పుటచేత ఆ జనము మన దేశముమీద కోపముతో నుండెను. మన ఆటగాండ్రు తాము చేయని దానికి ఆ కేకలు భరింపవలసి వచ్చెను. ఆ జనసముద్రములో మన పక్షమున కేకలు వేసినవారు కొందరుండిరి. వారు పాకిస్తాను హాకీ ఆటగాండ్రని మన ఆటగాండ్రు తరువాత పలుమారులు కృతజ్ఞతతో జ్ఞాపకము చేసికొనిరి. పొరుగువాడెవడను ప్రశ్నకు ప్రభువు సమరయుని చూపించెను గదా!

ఆ దినమున గోలు కాయుచు నిలిచినవాడు పీటర్ తంగరాజు. పదిహేడవ నిమిషమున పి. కె. బెనర్జీ మొదటి గోలు చేసెను. మూడు నిమిషములకు, తలకు కట్టు కట్టుకొనిన జర్నైల్ సింగ్ రెండవది చేసెను. ఆట ముగియనై యుండగా కొరియా ఒకటి చేసెను. 2–1తో భారతదేశము గెలిచెను. చునీ గోస్వామి నాయకుడుగా పతకము అందుకొనెను. సిక్కు, హిందువు, ముస్లిము, క్రైస్తవుడు అందరును ఆ పదునొకండుగురిలో నుండిరి. ఎవని మతము వానిదే. బంతి మాత్రము ఒకటే, దానిని ఒకరికొకరు అందించిరి.

ఆ జయము తరువాత రహీంగారు ఎక్కువ కాలము జీవింపలేదు. 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన మరణించిరి. తొమ్మిది మాసములే గడచెను.

తరువాత ఏమాయెను

ఆయన మరణానంతరము మన దేశము ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణమును మరల గెలువలేదు. 1970లో బ్యాంకాకులో కాంస్యము వచ్చెను. శిక్షకులకు దేశము ఇచ్చు ద్రోణాచార్య బహుమానము 1985లో ప్రారంభమాయెను. అప్పటికి ఆయన పోయి ఇరువదిరెండేండ్లు. ఆయన జీవితముమీద మైదాన్ అను హిందీ చలనచిత్రము 2024లో వచ్చిన పిమ్మటనే మన యౌవనస్థులలో అనేకులు ఆయన పేరు విన్నారు.

దీనిలో రెండు సంగతులు కలవు. మొదటిది ఆదరణ. ఆయనయొద్ద నేర్చిన పి. కె. బెనర్జీ తరువాత తానే గొప్ప శిక్షకుడై కలకత్తాలో మరియొక తరమును తయారు చేసెను. పౌలు తిమోతికి ఆజ్ఞాపించిన మార్గమిదే. విన్నదానిని నమ్మకమైనవారికి అప్పగింపవలెను. వారు మరికొందరికి బోధింపవలెను. రెండవది హెచ్చరిక. ఒక్క మనుష్యుని జ్ఞానముమీద నిలిచిన పని, ఆ మనుష్యునితో చాలవరకు కూలిపోవును. అధికారులు, సంఘములు, ధనము గలవారు ఆయన పద్ధతిని ఒక విద్యగా స్థిరపరచి బడిబడికి పంపియుండినయెడల ఫలము వేరుగా నుండెడిదేమో. యెహోషువ తరమువారు చనిపోయిన పిమ్మట దేవుని కార్యములను ఎరుగని మరియొక తరము పుట్టెనని న్యాయాధిపతుల గ్రంథము 2వ అధ్యాయము దుఃఖముతో చెప్పుచున్నది. యెహోషువ చేసిన యుద్ధములు గొప్పవే. కాని ఇంటింట పిల్లలకు చెప్పవలసిన పని ఎవరో చేయక విడిచిరి. మన ఊరి సంఘమును కట్టిన పాతకాలపు ఉపదేశకులు, బైబిలు స్త్రీలు పోయిరి. వారు నేర్పినది ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నది? మీ తరువాత సండేస్కూలు నడుపువాని పేరు మీరు చెప్పగలరా? చెప్పలేనియెడల అతనిని ఈ సంవత్సరమే వెదకుడి.

మన రేవులోనికి వచ్చు పెద్ద ఓడను మీరు చూచియుందురు. డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కనున్న ఇరుకైన త్రోవను చేరకముందే ఒక చిన్న పడవలో పైలటు వచ్చి ఓడ యెక్కును. లోతు ఎక్కడ, మెరక ఎక్కడ అని అతనికి తెలియును. అతని మాటవలన ఓడ క్షేమముగా లోపలికి వచ్చును. ఓడమీద వ్రాయబడిన పేరు అతనిది కాదు. లోపలి సరకు అతనిది కాదు. పని ముగిసిన తరువాత దిగి మరియొక ఓడయొద్దకు పోవును. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, సంఘ పెద్దలు చేయవలసినది ఈ పనియే. పతకము మెడలో వేసికొనువాడు వేరొకడు. ఆ మెడను నిక్కించి నిలుపుటకు నేర్పినవానిని దేవుడెరుగును.

కావున యౌవనస్థులారా, ఈ కాలమున మైదానములోనికి దిగునప్పుడు బలములేని కాలును కూడ సిద్ధపరచుకొనుడి. బంతిని తోటివానికి అందించుడి. నియమము తప్పి గెలుచుటకంటె నియమముతో ఓడుట మేలని యెంచుడి, నియమము ప్రకారము ఆడనివానికి కిరీటము లేదని పౌలు తిమోతికి వ్రాసియున్నాడు. ఓడినవారిని గేలి చేయకుడి; నాలుగేండ్ల తరువాత వారు ఎవరగుదురో మీరెరుగరు. పెద్దలారా, మన పిల్లలు ఆటకు పోవునప్పుడు చదువు చెడుననియే తిట్టక, వారికి మంచి గురువు దొరకెనా అని విచారించుడి. మైదానపు అంచున నిలిచి వారి ఆట ఒకసారి చూడుడి. కప్పు ఎవరిదో ఆ దినమే తెలియును. ఎవరు ఎట్టి మనుష్యులుగా తయారగుచున్నారో ఇప్పుడే, అభ్యాసపు దినములలోనే, చూడవచ్చును.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మాకు నేర్పినవారి నిమిత్తము నీకు స్తోత్రములు. పేరు తెలియకుండ కష్టపడిన మా ఉపాధ్యాయులను, ఉపదేశకులను జ్ఞాపకము చేసికొనుచున్నాము. మా ఓటములనుండి మాకు పాఠము నేర్పుము. మా యిండ్లవారిని ప్రేమించుచు, పరుల బిడ్డలకు అన్యాయము చేయకుండ మమ్మును కాపాడుము. గాయపడి వెనుక కూర్చున్నవారికి నీ పనిలో మరియొక చోటు చూపుము. ఆటకు వెళ్లు మా పిల్లల దేహములను భద్రపరచుము, వారి మనస్సులను నిర్మలముగా నుంచుము. వాడిపోని కిరీటమును ఇచ్చు మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.